కథ రాశాక ముందుగా ఎవరికి చూపించాలి? ఆన్‌లైన్ రచనా గ్రూపుల లాభనష్టాలు

కథ పూర్తయ్యాక రచయితకు వెంటనే కావలసింది ఒక్క పాఠకుడు. మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివి, ఎక్కడ ఆసక్తి పోయిందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్పగల మనిషి. తెలుగులో రాసేవాళ్లకు ఆ మనిషి దొరకడం కష్టంగా ఉంది. పత్రికకు పంపితే కథ పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పే తీరిక సంపాదకులకు ఉండదు. 2020లో నవ్య లాంటి వారపత్రికలు ఆగిపోయాక పంపడానికి ఉన్న చోట్లే తగ్గిపోయాయి. ఇంట్లోవాళ్లకు చూపిస్తే ప్రేమకొద్దీ బాగుందంటారు. సాహిత్య సభలు జరిగేది ఎక్కువగా పెద్ద ఊళ్లలో, సాయంత్రం పూట. ఆ వేళకు వంటింట్లోనో డ్యూటీలోనో ఉండేవాళ్లు వాటికి వెళ్లలేరు.

అందుకే చాలామంది కొత్త రచయితలు ఫోన్లో ఉన్న గ్రూపుల వైపు వెళ్తున్నారు. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, టెలిగ్రామ్‌లో, ఇంగ్లీషులో రాసేవాళ్లయితే అందుకోసమే పెట్టిన సైట్లలో. డ్రాఫ్ట్ పెడతారు, మిగతావాళ్లు చదివి చెబుతారు. వింటే చాలా తేలికైన ఏర్పాటులా ఉంటుంది. కానీ అదే ఏర్పాటు ఒకచోట రచయితను తయారుచేస్తుంది, ఇంకోచోట అదే మనిషి చేత కలం పక్కన పెట్టిస్తుంది. ఈ తేడాకు కారణం సభ్యుల ప్రతిభ అనుకుంటాం. నా దృష్టిలో అసలు కారణం అది కాదు. ఆ గ్రూపులో మనిషికి దేనివల్ల లాభం కలుగుతుంది, దేనివల్ల గుర్తింపు వస్తుంది అన్నదాన్ని బట్టే అక్కడ దొరికే విమర్శ ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే లాభనష్టాలు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూద్దాం. 1956లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో డేమన్ నైట్, మరికొందరు సైన్స్ ఫిక్షన్ రచయితలు కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ముందే చదివి వచ్చిన కథ మీద ఒక్కొక్కరూ వరసగా మాట్లాడతారు. అందరిదీ అయ్యేదాకా రచయిత నోరు విప్పకూడదు. చివర్లో మాత్రం తన మాట చెప్పుకోవచ్చు. 1968లో అదే రాష్ట్రంలో క్లారియన్ కాలేజీలో మొదలైన వర్క్‌షాప్ ఈ పద్ధతినే కొత్తవాళ్లకు నేర్పింది. రచయిత మౌనంగా ఉండాలన్న నియమం వెనుక మంచి తర్కం ఉంది. కథ అచ్చయ్యాక ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని చెప్పలేం కదా. పేజీ మీద ఉన్నదే పాఠకుడికి చేరుతుంది. మౌనంగా వింటే అదేమిటో తెలుస్తుంది.

ఇంటర్నెట్ వచ్చాక ఇదే పద్ధతి నెట్‌లోకి ఎక్కింది. 1995లో ఆండ్రూ బర్ట్ మొదలుపెట్టిన క్రిటర్స్ అనే వర్క్‌షాప్ ఈ దారిలో మొదటివాటిలో ఒకటి. అక్కడి నియమం చాలా ముక్కుసూటిది. వారానికి ఒక విమర్శ చొప్పున, కనీసం 75 శాతం వారాల్లో ఇతరుల కథ చదివి రాస్తేనే మీ కథకు వరస వస్తుంది. 2003లో వచ్చిన క్రిటిక్ సర్కిల్‌లో విమర్శ రాస్తే క్రెడిట్లు వస్తాయి, మీ కథ పెట్టాలంటే ఆ క్రెడిట్లు ఖర్చుపెట్టాలి. 2007లో మొదలైన స్క్రైబోఫైల్ తన పాయింట్లకు ‘కర్మ’ అని పేరు పెట్టుకుంది. మూడింటిలోనూ సూత్రం ఒకటే. ముందు ఇవ్వాలి, తర్వాత తీసుకోవాలి.

ఇది చాలా అవసరమైన నియమం. ఇది లేని గ్రూపులో అందరూ తమ కథ పెట్టడానికే వస్తారు, పక్కవాడి కథ చదివేవాళ్లు మిగలరు. అయితే ఈ నియమానికీ ఒక ఖరీదు ఉంది. పాయింట్ కోసం చదివేవాడు కథలో మునిగి చదవడు. తప్పులు ఏరుతూ పోతాడు. రెండో పేరాలో కామా, నాలుగో పేరాలో ఒకే మాట రెండుసార్లు, ఆరో పేరాలో వాక్యం పొడుగు. ఇవన్నీ నిజమైన తప్పులే కావచ్చు. కానీ ఈ కథ ఎవరిది, ఎందుకు చెబుతున్నారు, చివరికి మనసులో ఏం మిగిలింది అన్న ప్రశ్నల జోలికి వెళ్లకుండానే అతని కోటా నిండిపోతుంది.

పాయింట్ల సంగతి ఇలా ఉంటే, పోటీ పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఆథొనమీ కథ ఒక్కటి చాలు. హార్పర్‌కాలిన్స్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థ 2008లో పెట్టిన సైట్ అది. ఎవరైనా తమ నవల రాతప్రతి పెట్టవచ్చు. సభ్యులు నచ్చినవాటిని తమ షెల్ఫ్‌లో పెట్టుకుని మద్దతు తెలుపుతారు. నెలాఖరుకు పైన నిలిచిన ఐదు రాతప్రతులను ఆ సంస్థ సంపాదకులు చదివి అభిప్రాయం రాస్తారు. రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటు లేకుండానే సంపాదకుడి బల్ల దాకా వెళ్లే దారి అది, ఎంతోమందికి కలలాంటి మాట. జరిగింది మాత్రం వేరు. పైకి వెళ్లాలంటే మంచి నవల రాయడం కంటే ఎక్కువమంది మద్దతు కూడగట్టడం ముఖ్యమైంది. ‘మీది నా షెల్ఫ్‌లో పెట్టాను, నాది మీరూ పెట్టండి’ అనే సందేశాలతో సైట్ నిండిపోయింది. ఇచ్చిపుచ్చుకునే ఈ లెక్కలో ఎవరూ ఎవరికీ నిజం చెప్పలేరు. నిజం చెబితే ఒక ఓటు పోతుంది. కొన్ని పుస్తకాలు ఆ దారిలో వెలుగు చూసిన మాట నిజమే అయినా, సంస్థ 2015లో సైట్ మూసేసింది. అక్కడ చేరినవాళ్లు చెడ్డవాళ్లు కారు. దేనికి లాభం ఉందో దాని వెంట మనుషులు వెళ్లారు, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఒకరి రచన ఒకరికి వినిపించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కవి తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి చుట్టూ సాహితీ సమితి అనే బృందంగా చేరిన కవులు చేసిన పనుల్లో ఇదీ ఒకటి. నెట్ కాలంలో చూస్తే, 1998లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాట పత్రిక, రచనలను ప్రచురణకు ముందు సమీక్షకుల చేత చదివించే పద్ధతి తెచ్చింది. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన కవిసంగమం, పత్రికల గుమ్మం ఎక్కని ఎందరో కొత్త కవులకు వేదిక అయింది. వీటన్నిటి వల్ల మేలు జరిగింది.

కానీ రోజూ మనం చూసే మామూలు గ్రూపుల్లో పరిస్థితి వేరు. అక్కడ పాయింట్లు లేవు, కోటా లేదు. ఉన్నవి లైకులు, పరిచయాలు. కథ పెట్టిన నిమిషానికే ‘బాగుందండీ’, ‘అద్భుతం మేడమ్’, ‘కళ్లు చెమర్చాయి సర్’ అని వరసగా వస్తాయి. నాలుగు పేజీల కథకు నిమిషంలో కళ్లు చెమర్చవు. మెచ్చుకోలు ఇక్కడ మర్యాద, పలకరింపు, కొన్నిసార్లు రేపటి నా కథకు ముందస్తు చెల్లింపు. తెలుగు సాహిత్య లోకం చిన్నది. ఇవాళ గ్రూపులో పరిచయమైన మనిషే రేపు పోటీలో న్యాయనిర్ణేత, ఎల్లుండి మన పుస్తకావిష్కరణలో వక్త. అలాంటి చోట ‘మీ ముగింపు నప్పలేదు’ అనడానికి ధైర్యం కావాలి. అన్నవాడిని అడ్మిన్ పక్కకు పిలిచి ‘ఎందుకండీ పెద్దావిడ నొచ్చుకున్నారు’ అంటారు. ఆ తర్వాత అతనూ ‘బాగుందండీ’ అని పెట్టడం నేర్చుకుంటాడు. మన గ్రూపుల్లో కఠిన విమర్శ ఎక్కువైందని బాధపడేవాళ్లు ఉన్నారు. నేను చూసినంతలో అసలు కొరత విమర్శకే.

ప్రతిలిపి లాంటి వేదికల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2014లో బెంగళూరులో మొదలైన ఆ వేదిక తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో రాసేవాళ్లకు పాఠకులను చూపించింది, ముఖ్యంగా ఇంతకుముందు ఎక్కడా రాయని గృహిణులకు, విద్యార్థులకు. అక్కడి రేటింగులు, వ్యాఖ్యలు పాఠకుడి స్పందనలు. తర్వాతి భాగం ఎప్పుడు అని అడిగే పాఠకుడు దొరకడం గొప్ప సంగతే. కానీ అవి విమర్శ కావు, డ్రాఫ్ట్ దిద్దుకోవడానికి పనికొచ్చేవి వాటిలో చాలా తక్కువ. ఈ రెండిటినీ కలిపి చూసుకుంటే నిరాశ తప్పదు.

మరి ఈ గ్రూపుల వల్ల నిజంగా ఒరిగేదేమిటి?

మొదటిది, మనకు తెలియని పాఠకుడు. వరంగల్‌లో రాసిన కథను డాలస్‌లో ఒకరు, విజయనగరంలో ఒకరు, బళ్లారిలో ఒకరు చదువుతారు. మనకు అతి మామూలైన విషయం వాళ్లకు అర్థం కాదు. అది కథలో ఏదో మిగిలిపోయిందని చెప్పే మొదటి గుర్తు. రెండోది, ఊరు దాటలేని మనిషికి తోడు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండుకు రాసుకునే ఆవిడకు సభలు దొరకవు, కానీ తెల్లారేసరికి నలుగురి మాటలు ఫోన్లో ఉంటాయి. మూడోది గడువు. పదిహేనో తారీఖున నా వంతు అని తెలిస్తే కథ పద్నాలుగో తారీఖు రాత్రికి పూర్తవుతుంది.

వీటన్నిటికంటే పెద్ద లాభం మరొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విమర్శ పొందడం కంటే విమర్శ రాయడం ఎక్కువ నేర్పుతుంది. అచ్చయిన మంచి కథ చదివితే అది ఎలా కుదిరిందో కనపడదు, అన్నీ అమరిపోయి ఉంటాయి. సగం కుదిరిన కథ చదివినప్పుడే లోపలి పని తెలుస్తుంది. మూడు పేజీల ఉపోద్ఘాతం తర్వాత గానీ కథ మొదలు కాలేదని మరొకరి డ్రాఫ్ట్‌లో పట్టుకున్న మనిషి, తన తర్వాతి కథలో మొదటి మూడు పేజీలను అనుమానంగా చూస్తాడు. ‘ఇక్కడ నాకు విసుగొచ్చింది’ అని రాసి ఊరుకోకుండా ఎందుకు వచ్చిందో వెతికి రాయడం ఒక అభ్యాసం. ఏడాది పాటు శ్రద్ధగా ఇతరుల కథల మీద రాసినవాళ్ల రాతలో మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే తమ కథ పెట్టడానికే గ్రూపులో చేరేవాళ్లు అందులో సగం విలువను వదిలేసుకుంటున్నారని నమ్ముతాను.

నష్టాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది భాష దగ్గర వస్తుంది. కరీంనగర్ వైపు మనిషి కథలో ‘అచ్చిండు’ అని రాస్తే, హైదరాబాద్‌లో ఉన్న సభ్యుడు ‘వచ్చిండు కదా, అచ్చుతప్పు’ అంటాడు. అనంతపురం పాత్ర ‘యాడికి పోతాండావు’ అంటే, ‘అందరికీ అర్థమయ్యేలా ఎక్కడికి వెళ్తున్నావు అని మార్చండి’ అని కృష్ణా జిల్లా నుంచి సలహా వస్తుంది. ఇద్దరూ మంచి మనసుతోనే చెబుతారు. పదిమంది పది మాటలు ఇలా సర్దితే, ఆ కథ ఏ ఊరిదీ కాకుండా పోతుంది. పత్రికల తెలుగులోకి, టీవీ తెలుగులోకి చేరిపోతుంది. కొత్త రచయితకు తన భాష మీద ముందే బెరుకు ఉంటుంది, అందరూ అంటున్నారని మార్చేస్తాడు. పాఠకుడికి మాట అర్థం కాకపోవడం వేరు, అలవాటు లేకపోవడం వేరు. మొదటిది రచయిత ఆలోచించాల్సిన విషయం, రెండోది పాఠకుడు దాటాల్సిన గడప. విమర్శ రాసేవాళ్లు ఈ రెండిట్లో ఏది చెబుతున్నారో వాళ్లకే స్పష్టంగా ఉండాలి.

సూత్రాల బెడద కూడా ఇలాంటిదే. ‘చెప్పొద్దు, చూపించాలి’, అంటే పాత్ర మనసును మాటల్లో చెప్పేయకుండా సన్నివేశంలో కనిపించేలా రాయాలనే నియమం రచనా వర్క్‌షాపుల నుంచి వచ్చి అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది. మంచి నియమమే. కానీ తెలుగు కథలో ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు సాగే ధోరణి ఉంది. ఆ గొంతే ఆ కథకు ప్రాణం. దాని మీద ఈ నియమం ప్రయోగిస్తే గొంతు పోయి, సంభాషణలు, వర్ణనలు మిగులుతాయి.

నవల రాసేవాళ్లకు ఇంకో కష్టం ఉంది. వారానికి ఒక అధ్యాయం చొప్పున పెడితే, పన్నెండో అధ్యాయం చదివేవాడికి మూడో అధ్యాయం గుర్తుండదు. మధ్యలో చేరినవాడు అసలు చదివే ఉండడు. ‘ఈ రాజారావు ఎవరు?’ అని అడుగుతాడు. వాడి కోసం రచయిత ప్రతి అధ్యాయంలోనూ రాజారావును మళ్లీ పరిచయం చేయడం మొదలుపెడతాడు. పుస్తకంగా చదివేవాళ్లకు అదే విసుగు తెప్పిస్తుంది. నా అభిప్రాయంలో నవలను గ్రూపులో పెట్టకపోవడమే మేలు. పూర్తి చేసి, మొత్తం చదివే ఇద్దరిని వెతుక్కోవాలి.

ఇక మనుషుల సంగతి. ఆడవాళ్లు రాసిన కథ కింద ‘ఇది మీ సొంత అనుభవమా అండీ?’ అనే ప్రశ్న ఎంత మామూలైపోయిందో గ్రూపుల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కథలో భార్య ఇల్లు వదిలి వెళ్తే రచయిత్రి కాపురం గురించి ఆరా మొదలవుతుంది. కథ చదివానంటూ ఇన్‌బాక్స్‌లోకి వచ్చి మాట కలిపేవాళ్లు వేరే. అలాగే పేరు చివరో ముందో కనిపించే ఇంటిపేరును బట్టి, ఊరిని బట్టి రచయిత కులం అంచనా వేసి, దానికి తగ్గట్టు కథను చదివేవాళ్లు ఉన్నారు. దళిత కథ అయితే ‘కోపం ఎక్కువైంది’ అంటారు, ముస్లిం ఇంటి కథ అయితే ‘సమాజానికి మీరిచ్చే సందేశం ఏమిటి’ అంటారు. ఇది విమర్శ కాదు, రచయితను బోనులో నిలబెట్టడం. దీనికి సులువైన మందు ఒకటుంది. పేర్లు లేకుండా కథలు తిప్పడం. అడ్మిన్ ఒక్కరికే రచయిత ఎవరో తెలిస్తే చాలు. సగం మొహమాటం, సగం పక్షపాతం అక్కడికక్కడే తగ్గిపోతాయి. ఇంత తేలికైన పనిని మన గ్రూపులు ఎందుకు చేయవో నాకు బాధగా ఉంటుంది.

కథ కాపీ కొడతారేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంది. చట్టం ఏం చెబుతుందో తెలుసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది, కొంత దారి మారుతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. కానీ ఆలోచన మీద హక్కు లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఇతివృత్తానికి, ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది. అంటే మీ కథను యథాతథంగా వాడుకుంటే అడగవచ్చు, మీ పాయింట్ తీసుకుని వేరే కథ అల్లుకుంటే అడగడం దాదాపు అసాధ్యం. సినిమా కోసం దాచుకున్న ఒక్క లైన్ ఐడియా ఉంటే దాన్ని గ్రూపులో పెట్టవద్దు. మామూలు కథలకు ఆ భయం అంత అక్కర్లేదు.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. మన కథల పోటీల ప్రకటనల్లో హామీపత్రం అడుగుతారు. కథ సొంతమని, అనువాదం, అనుసరణ కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, వేరే పత్రిక పరిశీలనలో లేదని రాసివ్వాలి. ఇప్పుడు చాలా ప్రకటనల్లో ‘సోషల్ మీడియాలో వచ్చినవి కూడా పనికిరావు’ అన్న మాట చేరింది. అందరికీ కనిపించే ఫేస్‌బుక్ గ్రూపులో ఫీడ్‌బ్యాక్ కోసం పెట్టిన కథ ఆ ఒక్క కారణంతో అర్హత పోగొట్టుకోవచ్చు. డ్రాఫ్ట్ ఎప్పుడూ సభ్యులకే కనిపించే చోట, పరిమితమైనవాళ్లతో పంచుకున్న డాక్యుమెంట్‌లోనే ఉండాలి. పని అయ్యాక తీసేయాలి.

వచ్చిన విమర్శను ఎలా చదవాలన్నది అన్నిటికంటే కష్టమైన భాగం. ఒక ఊహా కథ తీసుకుందాం. తల్లి తన పేరున ఉన్న ఎకరం పొలం అమ్మేసి కొడుకు అప్పు తీరుస్తుంది. ముగింపు హడావుడిగా ఉందని ముగ్గురు పాఠకులు అన్నారు. ఒకరు చివర్లో ఇంకో సీన్ కావాలన్నారు. ఇంకొకరు కొడుకు చేత క్షమాపణ చెప్పించమన్నారు. మూడో ఆయన తల్లి పొలం అమ్మకుండా ఎదురు తిరిగితే బాగుంటుందన్నారు. మూడూ మూడు వైపులకు లాగుతున్నాయి, ఏది చేసినా ఇద్దరికి నచ్చదు. కానీ ముగ్గురూ తడబడింది ఒకే చోట. అక్కడ ఏదో ఉంది. రచయిత తిరిగి చదువుకుంటే, ఆ పొలం తల్లికి ఎందుకంత ముఖ్యమో రెండో పేజీలో చెప్పాల్సిన నాలుగు వాక్యాలు అసలు రాయనే లేదని తెలుస్తుంది. లోపం రెండో పేజీలో ఉంటే నొప్పి చివరి పేజీలో తెలిసింది. పాఠకులు నొప్పి ఎక్కడో చెప్పడంలో చాలా అరుదుగా పొరపడతారు. మందు చెప్పడంలో తరచూ పొరపడతారు, ఎందుకంటే అప్పుడు వాళ్లు తామైతే రాసే కథ చెబుతుంటారు. ఒక్కరే అన్న మాటను పక్కన పెట్టుకోవచ్చు. ముగ్గురు ఒకే చోట ఆగితే మాత్రం అక్కడికి వెళ్లి చూడాల్సిందే.

కొత్తగా గ్రూప్ పెట్టుకునేవాళ్లకు నా సలహా, ఐదారుగురికి మించవద్దు. వెయ్యిమంది ఉన్న చోట ఎవరికీ బాధ్యత ఉండదు. ఐదుగురిలో ఒకరు చదవకపోతే తెలిసిపోతుంది. వీలైతే అందులో ఒకరు అసలు రాయనివాళ్లు, చదవడం మాత్రమే ఇష్టమైనవాళ్లు ఉండాలి. రాసేవాళ్లు నిర్మాణం చూస్తారు, చదివేవాళ్లు కథ చూస్తారు. ఎలా మాట్లాడాలో తెలియకపోతే అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి ప్రయత్నించవచ్చు. ముందు చదివినవాళ్లు తమ మనసులో ఏం నిలిచిందో చెబుతారు. తర్వాత రచయిత తన సందేహాలు అడుగుతుంది. ఆ తర్వాత చదివినవాళ్లు తమ అభిప్రాయం కలపని ప్రశ్నలు అడుగుతారు. ‘అంత నీరసంగా ఎందుకు ముగించారు?’ అన్నది ప్రశ్న కాదు, తీర్పు. ‘చివరికి పాఠకుడు ఏ భావంతో మిగలాలనుకున్నారు?’ అన్నది ప్రశ్న. చివరి మెట్టులో, ‘ముగింపు గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?’ అని అడిగి, సరేనంటే చెబుతారు. మిల్‌ఫర్డ్ పద్ధతిలో మౌనంగా కూర్చున్న రచయిత ఇక్కడ మాట్లాడుతుంది, తనకేం కావాలో తనే అడుగుతుంది. మన మొహమాటాలకు, పెద్దా చిన్నా తేడాలకు ఈ పద్ధతే బాగా నప్పుతుందని నా నమ్మకం. నొప్పించకుండానే నిజం బయటికొస్తుంది.

కథతో పాటు రెండు మూడు ప్రశ్నలు రాసి పంపడం కూడా చాలా పనిచేస్తుంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబు వస్తుంది. ‘ఎక్కడ చదవడం ఆపేయాలనిపించింది?’, ‘సుబ్బులు ఎందుకు వెళ్లిపోయిందని మీరనుకున్నారు?’ అని అడిగితే చదవకుండా జవాబు చెప్పలేరు.

ఒకే కథను నెలల తరబడి గ్రూపులో తిప్పుతూ, ప్రతి కొత్త మాటకూ ఒక కొత్త మార్పు చేస్తూ, ఎప్పటికీ పత్రికకు పంపని వాళ్లు కొందరుంటారు. వాళ్లకు గ్రూప్ అలవాటైపోతుంది, కథ ఆగిపోతుంది. ఒక డ్రాఫ్ట్ చూపించి, వచ్చిన మాటలు వారం పది రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత తిరగరాసుకోవాలి. తిరగరాసింది మళ్లీ అదే ఐదుగురికి చూపించకూడదు. వాళ్లకు పాత కథ గుర్తుంటుంది, ఏం మారిందో చూస్తారు తప్ప కథ చదవరు. అందుకని మొదటిసారే ఒక పాఠకుడికి మాత్రం చూపించకుండా ఆపుకోవాలి. రెండో డ్రాఫ్ట్ ఆ ఒక్కరి కోసం. ఆయన చదివి ఏమీ అడగకుండా ‘ఎక్కడికి పంపుతున్నావు?’ అంటే, ఆ రోజే హామీపత్రం రాసి పంపేయవచ్చు.